చుక్క ముట్టని మనిషికి సిరోసిస్: ఒక కేసు, పదేళ్ళ పాత రిపోర్టులు

పేషెంట్ 55 ఏళ్ళ ఆవిడ. ఇంటి దగ్గరే మిషన్ కుడుతుంది, జాకెట్లు, పిల్లల గౌన్లు. ఇంట్లోవాళ్ళు ఒప్పుకున్నాకే రాస్తున్నా, పేరూ ఊరూ మాత్రం రాయట్లేదు. నెలన్నర నుంచి పొట్ట పెరుగుతోంది, కాళ్ళు వాచాయి, రెండు ముద్దలు తినేసరికే కడుపు నిండిపోతోంది అని తీసుకొచ్చారు. మొదట గ్యాస్ అనుకున్నారట, తర్వాత గర్భసంచిలో గడ్డేమో అని భయపడ్డారట, చివరికి స్కానింగ్ తీయిస్తే పొట్టలో నీరుంది, లివర్ గరుకుగా ఉంది, స్ప్లీన్ (ప్లీహం) పెరిగింది అని రాసిచ్చారు. షుగర్ వచ్చి 14 ఏళ్ళు, బీపీ లేదు, మోకాళ్ళ నొప్పులు బాగా ఉన్నాయి. నేనింకా ఏమీ అడగకముందే కూతురు అందుకుని "సార్, మా అమ్మ జన్మలో మందు ముట్టలేదు, చుట్టాలు ఆరా తీస్తుంటే మాకు తలెత్తుకోవడానికి లేదు" అంది. ముందు ఆ బరువు దించాలి కాబట్టి అప్పుడే చెప్పేశా, లివర్ చెడిపోవడానికి మందు ఒక్కటే కారణం కాదు, మీ అమ్మగారిని ఎవరూ అనుమానించక్కర్లేదు అని. ఆవిడ ఏమీ మాట్లాడలేదు గానీ కళ్ళు తుడుచుకుంది.

చూస్తే కణతలు గుంటలు పడ్డాయి, భుజాల మీద కండ లేదు, పొట్ట మాత్రం బానలా ఉంది. బరువు 66 కిలోలు కాబట్టి మనిషి బాగానే ఉందని ఇంట్లోవాళ్ళ నమ్మకం, అందులో నీరెంత కండెంత అని ఎవరు చూస్తారు. కళ్ళు కొద్దిగా పచ్చగా, అరచేతులు ఎర్రగా, ఛాతీ మీద సన్నటి ఎర్ర నరాలు. చేతులు ముందుకి చాపి మణికట్టు పైకెత్తి అలాగే పట్టుకోమన్నా, కాసేపటికి రెండు చేతులూ టపటపా కిందకి పడి మళ్ళీ లేవడం మొదలైంది. ఇది కనిపించగానే నేను అడగాల్సిన ప్రశ్నలు మారిపోతాయి. నిద్ర ఎలా ఉందమ్మా అంటే రాత్రంతా మెలకువే, పగలంతా మత్తు. నిద్ర పట్టట్లేదని మెడికల్ షాపులో అడిగి నిద్ర మాత్ర కూడా వేసుకుంటోంది. కుట్టు ఎలా ఉంది అంటే ఆవిడ బాగానే ఉందంది, కూతురు మాత్రం లేదు సార్ అంది. ఈ మధ్య రెండు జాకెట్లు వెనక్కి వచ్చాయట. ఒకదానికి రెండు చేతులూ ఒకే పక్కకి కత్తిరించేసింది, ఇంకోదానికి హుక్కులు తప్పు వైపు కుట్టింది. ముప్పై ఏళ్ళుగా కళ్ళు మూసుకుని కుట్టే పని అది. చూపు తగ్గిందేమో అని కొత్త కళ్ళజోడు కూడా చేయించారు.

అది చూపు సమస్య కాదు. పేగుల్లో తయారయ్యే అమ్మోనియా లాంటి విషాలని లివర్ శుభ్రం చేయలేనప్పుడు అవి మెదడుకి చేరతాయి, దాన్నే హెపాటిక్ ఎన్‌సెఫలోపతి అంటాం. కోమాలోకి పోతేనే అది అని చాలామంది అనుకుంటారు కానీ అది ఇలాగే మొదలవుతుంది, లెక్క తప్పడం, చేతిరాత మారడం, రాత్రీ పగలూ తారుమారవడం. లివర్ పేషెంట్ ఇంట్లో ఉంటే వాళ్ళు రోజూ చేసే పనిలో ఏం తేడా వచ్చిందో చూడండి, డ్రైవర్ అయితే బండి నడపడం ఆపించండి. నిద్ర మాత్ర మాత్రం ఇవ్వొద్దు, అది నేరుగా మనిషిని మత్తులోకి తోసేస్తుంది.

ఇక రిపోర్టులు. బిలిరుబిన్ (కామెర్ల నంబరు) 2.4, అల్బుమిన్ (లివర్ తయారుచేసే ప్రోటీన్) 2.6, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే టైము లెక్క) 1.6, సోడియం 131, క్రియాటినిన్ (కిడ్నీ నంబరు) 1.4, హిమోగ్లోబిన్ 9.2, ప్లేట్‌లెట్స్ 78 వేలు. ఎస్‌జీఓటీ 74, ఎస్‌జీపీటీ 41. ఈ చివరి నంబరు ఒక్కసారి చూడండి, 41 అంటే చాలా ల్యాబుల్లో నార్మల్‌కి అటూ ఇటూ. సిరోసిస్, అంటే లివర్ మచ్చలు పడి గట్టిపడిపోవడం, ముదిరిన మనిషి ఎస్‌జీపీటీ దాదాపు నార్మల్. ఎందుకంటే ఈ ఎంజైమ్ లివర్ కణాలు దెబ్బతింటున్నప్పుడు బయటికి వచ్చేది, ఆ కణాల చోట మచ్చకణజాలం నిండిపోయాక రావడానికి పెద్దగా ఏమీ మిగలదు. ఎస్‌జీపీటీ నార్మలే కదా, లివర్ బాగుంది అనే మాట నేను రోజూ వింటాను, ఆ మాటతో చాలామంది ఏళ్ళకేళ్ళు పోగొట్టుకుంటున్నారు.

పొట్టలో నీరు కొంచెం తీసి పరీక్షకి పంపాం. రక్తంలో అల్బుమిన్ 2.6, నీటిలో అల్బుమిన్ 0.9, తేడా 1.7. ఈ తేడా 1.1 దాటితే నీరు పోర్టల్ రక్తనాళంలో (పేగుల నుంచి లివర్‌కి రక్తం తెచ్చేది) ప్రెషర్ పెరగడం వల్ల చేరిందని అర్థం, టీబీ వల్లో క్యాన్సర్ వల్లో వచ్చిన నీటిలో మామూలుగా ఇంత తేడా ఉండదు. న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు) 250 కంటే చాలా తక్కువ ఉన్నాయి, అంటే నీటికి ఇన్ఫెక్షన్ లేదు. పొట్టలో నీరున్న ప్రతి పేషెంట్‌కీ అడ్మిషన్ రోజే ఈ పరీక్ష చేయాలి. కొన్ని చోట్ల సూది గుచ్చితే ప్రమాదం అని వాయిదా వేస్తారు, ఇన్ఫెక్షన్ ఉండి గంటలు గడిస్తే వచ్చే ప్రమాదం అంతకంటే చాలా ఎక్కువ. ఎండోస్కోపీలో అన్నవాహికలో పెద్ద వేరిసీస్ (ఉబ్బిన రక్తనాళాలు), వాటి మీద ఎర్రటి మచ్చలు, అంటే ఎప్పుడైనా పగిలి రక్తం కక్కొచ్చు. మచ్చలు పడి గట్టిపడ్డ లివర్ గుండా రక్తం పోలేక, కాలవకి అడ్డం పడితే నీళ్ళు గట్టు తెంచుకుని పక్క పొలాల్లోకి పోయినట్టు, అన్నవాహిక చుట్టూ ఉన్న చిన్న నరాల్లోకి తోసుకుపోతుంది. స్ప్లీన్ ఉబ్బి ప్లేట్‌లెట్స్ తగ్గడానికీ మూలం అదే ప్రెషర్.

కారణం వెతకడంలో ముందు వైరస్‌లు చూశాం. హెపటైటిస్ బి లేదు, సి లేదు. ఆటోఇమ్యూన్ పరీక్షలు నెగటివ్, ఐరన్ సమస్య లేదు, గుండె ఎకో బాగుంది. ఆయుర్వేదం, నాటు మందులు, పసర్లు ఏమైనా వాడారా అని గుచ్చి గుచ్చి అడిగా, ఎందుకంటే కరోనా రోజుల్లో తిప్పతీగ కషాయం నెలల తరబడి తాగి లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలో చాలా ఆస్పత్రుల నుంచి రిపోర్ట్ అయ్యాయి, సహజమైనది కదా ఏం చేస్తుంది అని దాన్ని మందుల లెక్కలో చెప్పరు. ఈవిడ వాడలేదు. మిగిలింది ఫ్యాటీ లివర్. షుగర్, నడుము చుట్టూ కొవ్వు, ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ, కూర్చుని చేసే పని, ఇవన్నీ కలిసి ఇరవై ఏళ్ళు మెల్లగా చేసిన పని ఇది.

అసలు నేను ఈ కేసు రాస్తున్నది ఆ ఫైలు కోసం. కూతురు చాలా పద్ధతి గల అమ్మాయి, పదేళ్ళ రిపోర్టులూ ఒక ప్లాస్టిక్ కవర్లో వరసగా పెట్టి తెచ్చింది. ఫిబ్-4 అని ఒక లెక్క ఉంది, కొత్త టెస్టేమీ అక్కర్లేదు, వయసుని ఎస్‌జీఓటీతో గుణించి, దాన్ని ప్లేట్‌లెట్స్ (వేలల్లో) ఇంటూ ఎస్‌జీపీటీ వర్గమూలంతో భాగిస్తే సరిపోతుంది, ఫోన్లో నిమిషం పని. 1.3 లోపు ఉంటే లివర్‌లో ముదిరిన మచ్చలు ఉండే అవకాశం తక్కువ, 2.67 దాటితే బాగా ఎక్కువ, మధ్యలో ఉంటే ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో చూసే స్కాన్) చేయించాలి. 65 దాటినవాళ్ళకి కింది హద్దు 2 అనుకోవాలి, 35 లోపువాళ్ళకి ఈ లెక్క సరిగ్గా పనిచేయదు. ఈవిడకి 45 ఏళ్ళప్పుడు ఎస్‌జీఓటీ 44, ఎస్‌జీపీటీ 58, ప్లేట్‌లెట్స్ 2 లక్షల 10 వేలు, లెక్క 1.24. స్కానింగ్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అని రాసి ఉంది. అప్పటికి లివర్ ఇంకా చేతిలోనే ఉందన్నమాట. 49 ఏళ్ళప్పుడు జ్వరం వచ్చి పరీక్షలు చేయించారు, ఎస్‌జీఓటీ 62, ఎస్‌జీపీటీ 48, ప్లేట్‌లెట్స్ లక్షా 32 వేలు. డెంగీ అన్నారు, టెస్ట్ నెగటివ్ వచ్చింది, అయినా బొప్పాయి ఆకు రసం తాగించారు, జ్వరం తగ్గింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. జ్వరం తగ్గాక ప్లేట్‌లెట్స్ మళ్ళీ పెరిగాయా లేదా అని తర్వాత ఎవరూ చూడలేదు. ఆ రోజు లెక్క 3.32. జ్వరంలో నంబర్లు కొంచెం అటూ ఇటూ అవుతాయి, నిజమే, అందుకే నెల తర్వాత మళ్ళీ చేయించాలి. ఇప్పుడు 8.15.

ఈ పదేళ్ళలో ఆవిడ షుగర్ కోసం క్రమం తప్పకుండా డాక్టర్ దగ్గరికి వెళ్తూనే ఉంది, కళ్ళు చూపించుకుంది, కిడ్నీ టెస్ట్ చేయించుకుంది, పాదాలు చూపించుకుంది. లివర్ మాత్రం ఫ్యాటీ లివరే కదా, అందరికీ ఉంటుంది, నూనె తగ్గించండి అనే మాట దగ్గర ఆగిపోయింది. షుగర్ ఉన్న ప్రతి మనిషికీ కళ్ళు, కిడ్నీతో పాటు ఏడాదికి ఒకసారి ఈ లెక్క వేయాలి అని నేను గట్టిగా నమ్ముతాను, చాలా గైడ్‌లైన్స్ కూడా షుగర్ పేషెంట్లకి దీన్ని వేయమనే చెప్తున్నాయి. మన దేశంలో 2021లోనే కేంద్ర ప్రభుత్వం షుగర్, గుండె జబ్బుల జాతీయ కార్యక్రమంలో ఫ్యాటీ లివర్‌ని కూడా చేర్చింది. ఇక పాటించాల్సింది మనమే.

ఇంకొక విషయం కూడా ఫైల్లో దొరికింది. పోయిన ఏడాది నుంచి ఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చూపే పరీక్ష) బాగా తగ్గి 5.9కి వచ్చింది, ఇంట్లో అందరూ సంతోషించారు. వేలికి గుచ్చి చూస్తే పరగడుపున 170, తిన్నాక 260. స్ప్లీన్ పెరిగి ఎర్ర కణాలు త్వరగా చచ్చిపోతుంటే, రక్తహీనత ఉంటే ఏ1సీ తప్పుగా తక్కువ చూపిస్తుంది. సిరోసిస్ పేషెంట్‌కి ఏ1సీ చూసి షుగర్ కంట్రోల్‌లో ఉందనుకోవద్దు.

మరి నెలన్నరలో అంత వేగంగా ఎందుకు దిగజారింది? మోకాళ్ళ నొప్పులకి ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు, తర్వాత రోజూ మాత్రలు. ఈ నొప్పి మందులు సిరోసిస్ ఉన్న మనిషి కిడ్నీకి రక్తం అందనివ్వవు, ఉప్పూ నీరూ ఒంట్లో నిలిచిపోతాయి, వాటర్ మాత్రలు (ఒంట్లో నీరు మూత్రంలో పోయేలా చేసేవి) పనిచేయవు, కడుపులో పుండ్లు పడి రక్తం కూడా పోవచ్చు. దానికి తోడు మలబద్ధకం, నిద్ర మాత్ర. అవన్నీ ఆపేసి అల్బుమిన్ ఇచ్చాక నాలుగో రోజుకి క్రియాటినిన్ 1.0కి దిగింది. నొప్పికి ఏం వాడాలి అని అందరూ అడుగుతారు, పారాసిటమాల్ రోజుకి 2 గ్రాములు మించకుండా వాడొచ్చు. పారాసిటమాల్ అంటే లివర్‌కి విషం అని భయపడి డైక్లోఫెనాక్ మింగేవాళ్ళని చూస్తుంటే చాలా బాధేస్తుంది.

లివర్ ఎంత ముదిరిందో చెప్పే చైల్డ్ స్కోర్ 11, అంటే అన్నిటికంటే ముదిరిన సి క్లాస్. ట్రాన్స్‌ప్లాంట్ ఎంత తొందరగా కావాలో చెప్పే మెల్డ్ స్కోర్ క్రియాటినిన్ 1.0కి దిగాక 15, సోడియం కూడా కలిపి లెక్కేస్తే 20. లివర్ ట్రాన్స్‌ప్లాంట్ గురించి మాట్లాడాల్సిన దశ ఇది, మొదటి వారంలోనే మాట్లాడాను. చికిత్స కూడా అప్పుడే మొదలైంది. పొట్ట బిగుసుకుపోయి ఊపిరి ఆడట్లేదు కాబట్టి 5 లీటర్ల నీరు తీశాం, దాంతో పాటు 40 గ్రాముల అల్బుమిన్ ఎక్కించాం, లీటరుకి 6 నుంచి 8 గ్రాములు ఇవ్వాలి. నీరు తీస్తే మనిషి పోతాడు అని మనవైపు ఒక నమ్మకం ఉంది, భర్త చాలాసేపు సంతకం పెట్టలేదు. అల్బుమిన్ ఇవ్వకుండా ఎక్కువ నీరు లాగేస్తే బీపీ పడిపోయి కిడ్నీలు ఆగిపోయే మాట నిజమే, ఆ భయం అలా పుట్టి ఉంటుంది, అందుకే ఆయనకి అల్బుమిన్ బాటిల్ చూపించి అది ఎందుకో చెప్పాక ఒప్పుకున్నాడు. క్రియాటినిన్ కుదురుకున్నాక వాటర్ మాత్రలు స్పైరోనోలాక్టోన్ 100, ఫ్యూరోసెమైడ్ 40 మొదలుపెట్టాం, రోజూ పొద్దున్నే బరువు చూడాలి, కాళ్ళ వాపు పోయాక రోజుకి అరకిలో కంటే ఎక్కువ తగ్గకూడదు. వేరిసీస్‌కి ఎండోస్కోపీతో రబ్బరు బ్యాండ్లు వేసి కట్టేశాం (బ్యాండింగ్), బీపీ చూసుకుంటూ పోర్టల్ ప్రెషర్ తగ్గించే కార్వెడిలాల్ చిన్న డోసులో ఇచ్చాం, పై బీపీ 90 కంటే దిగితే ఆపేయాలి. షుగర్ మాత్రలు ఆపి ఇన్సులిన్‌కి మార్చాం.

మెదడు సమస్యకి లాక్టులోజ్ సిరప్. ఇక్కడ ఒక గొడవ అయ్యింది, షుగర్ పేషెంట్‌కి ఇంత తియ్యటి సిరప్పా అని ఇంట్లోవాళ్ళు రెండు రోజులు సగం డోసే పట్టారు. ఆ తీపి దాదాపు ఏమీ రక్తంలోకి వెళ్ళదు, పేగుల్లోనే ఉండి అమ్మోనియాని బయటికి పంపిస్తుంది, రోజుకి రెండు మూడు సార్లు మెత్తగా విరేచనం అయ్యేలా డోసు మనమే సర్దుకోవాలి, మరీ ఎక్కువైనా నీరసం, సోడియం తేడాలు. దాంతో పాటు పేగుల్లో పనిచేసే యాంటీబయాటిక్ రిఫాక్సిమిన్. వారం తిరిగేసరికి పగటి మత్తు పోయింది, చేతుల వణుకు ఆగింది.

తిండి గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే మన ఇళ్ళల్లో అసలు నష్టం అక్కడే జరుగుతోంది. లివర్ అనగానే పత్యం పెట్టేశారు. పప్పు లేదు, గుడ్డు లేదు, నూనె లేదు, చేప లేదు, రెండు పూటలా మజ్జిగన్నం, పక్కన నంజుకోవడానికి ఊరగాయ ముక్క. అంటే కండ కట్టే తిండి తీసేసి నీరు పట్టే ఉప్పు ఉంచారన్నమాట. సిరోసిస్‌లో కిలో బరువుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలి, ఈవిడ నీరు తీసేసిన బరువు 58 కిలోలు, అంటే రోజుకి 70 గ్రాముల పైనే. అమ్మోనియా పెరుగుతుందని ప్రోటీన్ ఆపేయడం పాత కాలం మాట, లివర్ పాడైనప్పుడు అమ్మోనియాని అరిగించేది కండరాలే, కండ కరిగితే మత్తు ఇంకా పెరుగుతుంది. పప్పు, గుడ్లు, పాలు, పెరుగు, పనీర్, శనగలు, మీల్‌మేకర్, చేప అన్నీ రాసిచ్చాం. రాత్రి పడుకునే ముందు తప్పకుండా ఏదో ఒకటి తినాలి, పాలల్లో అటుకులో, రెండు ఇడ్లీలో, గుడ్డూ బ్రెడ్డో, ఎందుకంటే ఈ లివర్‌లో నిలవ ఉండే చక్కెర కొంచెమే, రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంటే ఒళ్ళు తన కండనే తినేస్తుంది. అందుకే లివర్ పేషెంట్లు ఉపవాసాలు చేయొద్దు, వ్రతం రోజైనా సరే.

ఉప్పు రోజు మొత్తానికి ఒక టీస్పూన్ లోపు, కూరలో వేసేది, అప్పడం, పచ్చడి, కారప్పొడి అన్నీ అందులోనే. ఊరగాయ పూర్తిగా మానేయమన్నా. సైంధవ లవణం వాడొచ్చా అన్నారు, అది కూడా ఉప్పే. సోడియం తక్కువ ఉప్పు అని ప్యాకెట్లలో అమ్మేది ఇంకా ప్రమాదం, అందులో పొటాషియం ఉంటుంది, స్పైరోనోలాక్టోన్ కూడా పొటాషియం పెంచేదే, రెండూ కలిస్తే గుండె లయ తప్పొచ్చు. నిమ్మరసం, అల్లం, కొత్తిమీర, జీలకర్రతో నెట్టుకురావాలి. మొదటి రెండు వారాలు ఆవిడకి నాలుక చచ్చిపోయినట్టుందంది, తర్వాత అలవాటైంది.

కొడుకు సంగతి. 31 ఏళ్ళు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్, 92 కిలోలు. అమ్మకి లివర్ నేనిస్తా అని ముందుకొచ్చాడు, స్కాన్ తీస్తే అతనికే బాగా ఫ్యాటీ లివర్, ఎస్‌జీపీటీ 80ల్లో. కొవ్వు ఎక్కువున్న లివర్ ముక్క కోసి ఇస్తే ఇచ్చినవాళ్ళకీ తీసుకున్నవాళ్ళకీ రిస్కే, కాబట్టి తిప్పి పంపాం. ఫ్యాటీ లివర్ సిరోసిస్ ఉన్నవాళ్ళ పిల్లల్నీ తోబుట్టువుల్నీ ఎలాగూ పరీక్ష చేయాలి, ఇతనికి అది ఇలా జరిగింది. బరువు 5 శాతం తగ్గితే లివర్‌లో కొవ్వు తగ్గుతుంది, 7 నుంచి 10 శాతానికి వాపు తగ్గుతుంది, 10 దాటితే మచ్చలు కూడా వెనక్కి తగ్గే అవకాశం ఉంది, ఏ మాత్రకీ ఇంత నమ్మకంగా చెప్పలేం. ఆఫీసులో కూల్‌డ్రింకులూ జ్యూసులూ ఆపాడు, రాత్రి పదకొండుకి ఆర్డర్ పెట్టే బిర్యానీ ఆపాడు, వీకెండ్ బీరు ఆపాడు, రోజూ గంట నడక. కాఫీ తాగొచ్చా అన్నాడు, చక్కెర లేకుండా నిక్షేపంగా తాగమన్నా, కాఫీ తాగేవాళ్ళ లివర్‌లో మచ్చలు తక్కువగా ఉంటాయని చాలా అధ్యయనాల్లో కనిపించింది. ఎనిమిది నెలల్లో 81 కిలోలకి వచ్చాడు, ఎస్‌జీపీటీ 34.

ఈ కేసులో లేని కారణాల గురించి కూడా చెప్పాలి. మా వార్డులో ఎక్కువ మంచాలు మందు వల్ల వచ్చినవాళ్ళవే, షుగరూ ఊబకాయమూ ఉన్న మనిషి తాగితే రెండూ కలిసి లివర్‌ని ఇంకా త్వరగా తినేస్తాయి, సిరోసిస్ వచ్చాక ఇంత తాగొచ్చు అనే హద్దే లేదు. ఎంత ముదిరాక మానేసినా లాభం ఉంటుంది, కానీ రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, డాక్టర్‌కి చెప్పి ఆపండి. హెపటైటిస్ సి ఇప్పుడు మూడు నెలల మాత్రలతో నూటికి 95 మందికి పైగా నయమైపోతోంది, బి పూర్తిగా పోదు గానీ టెనోఫోవిర్ లాంటి మాత్రతో అదుపులో ఉంటుంది, 2018లో మొదలైన జాతీయ కార్యక్రమంలో రెండింటికీ పరీక్షలూ మందులూ ఉచితం. బి కి టీకా ఉంది. మన దేశంలో మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకా హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ నుంచే 1997లో వచ్చింది, అంతకుముందు దిగుమతి టీకా మామూలు కుటుంబాలు కొనగలిగేది కాదు. ఇప్పుడు పుట్టిన 24 గంటల్లో పిల్లలకి వేస్తున్నారు, కానీ ముప్పై దాటిన చాలామందికి ఈ టీకా పడలేదు. ఒక్కసారి బి వైరస్ ఉందేమో చూసే హెచ్‌బీఎస్‌ఏజీ టెస్ట్ చేయించుకుని నెగటివ్ అయితే మూడు డోసులు వేయించుకోండి. కామెర్లు వస్తే చేతి మీద వాత పెట్టించుకుని, పసరు తాగి, కళ్ళు తెల్లబడ్డాయి కాబట్టి తగ్గిపోయింది అనుకోవద్దు, బి వైరస్ ఉందో లేదో రక్తంలో చూస్తేనే తెలుస్తుంది.

మళ్ళీ మన పేషెంట్ దగ్గరికి వస్తే, ఎనిమిది నెలలకి బిలిరుబిన్ 1.6, ఐఎన్ఆర్ 1.4, అల్బుమిన్ 3.1, సోడియం 136, మెల్డ్ 12. పొట్టలో నీరు స్కానింగ్‌లో కొద్దిగా కనిపిస్తుంది అంతే, మళ్ళీ తీయాల్సిన పని పడలేదు. వేరిసీస్ నాలుగు సిట్టింగుల్లో మూసుకుపోయాయి. ఫ్లూ, న్యుమోనియా, హెపటైటిస్ టీకాలు వేశాం. జబ్బు నయమైందని నేను చెప్పలేదు, ఒకసారి నీరు చేరి మెదడు దెబ్బతిన్న లివర్ ఎప్పుడైనా మళ్ళీ జారొచ్చు, అందుకే అవయవదానం కోసం ప్రభుత్వం నడిపే జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించాం. కొడుకు లివర్‌లో కొవ్వు డోనర్‌కి సరిపోయేంత తగ్గిందా అని ఎంఆర్ఐ వచ్చే నెల ఉంది. ఆరు నెలలకోసారి ఆవిడకి అల్ట్రాసౌండ్, ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్ జాడ చూసే రక్తపరీక్ష) తప్పనిసరి, సిరోసిస్ ఉన్న లివర్‌లో క్యాన్సర్ రెండు సెంటీమీటర్ల లోపు దొరికితే చేయగలిగింది చాలా ఉంటుంది. మిషన్ మళ్ళీ కుడుతోంది, కొలతలు మాత్రం కత్తిరించే ముందు కూతురు ఒకసారి చూస్తోంది, అది నేనే పెట్టిన రూలు, కొలత తప్పిన రోజే లాక్టులోజ్ డోసు పెంచి నాకు ఫోన్ చేయాలి.